రాణిగంజ్‌లో కొన్న డ్రిల్ జిగ్: బెజ్జాలకు భేష్, స్లాట్లకు వద్దు

టిఫిన్ సెంటర్ల బెల్టు గ్రైండర్లు రిపేరు చేయడం నా పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఒక 13 మి.మీ. బెంచ్ డ్రిల్లు, ఒక వైసు. నేను ఎక్కువగా చేసేది మోటారు కూర్చునే బేస్ ప్లేటు: 6 మి.మీ. మందం ఇనప పట్టీ, దానికి నాలుగు బెజ్జాలు. బెజ్జాలు వంకరైతే మోటారు పుల్లీ, గ్రైండరు పుల్లీ ఒక గీతలోకి రావు. బెల్టు అంచు పోగులు పోగులుగా లేచిపోతుంది.

ఇన్నాళ్లూ గీత గీసి, సెంటర్ పంచ్ కొట్టి, ముందు 3 మి.మీ. బిట్టు, తర్వాత 6.5 బిట్టు దించేవాణ్ని. ఎంత జాగ్రత్తగా కొట్టినా మొన కాస్త జారేది. ఏ రెండు ప్లేట్లూ ఒకలా వచ్చేవి కావు. ఎనిమిది నెలల కిందట సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఈ జిగ్, అంటే బెజ్జం ప్రతిసారీ ఒకేచోట పడేలా బిట్టుకు దారి చూపే చట్రం, 4,200 రూపాయలకు కొన్నాను. కింద మందపాటి పలక, రెండు వైపులా పట్టీని ఆనించే ఆపులు, పైన టెంపర్ చేసిన స్టీలు బుష్‌లు, అంటే బిట్టు సరిగ్గా పట్టే పొట్టి గొట్టాలు. బిట్టు బుష్‌లోంచే దిగుతుంది కాబట్టి పక్కకు పోయే సందే లేదు. ఆపులు ఒక్కసారి కొలిచి బిగించుకుంటే మళ్లీ గీతలూ పంచూ అక్కర్లేదు.

మొదటి విడత పది ప్లేట్లు వేసి దొంతి పెట్టాను. 6.4 బిట్టు కాడను పై బెజ్జంలో వదిలితే జర్రున దిగి టక్కుమని బల్లకు తగిలింది. నాలుగు మూలల్లోనూ అంతే. మా నాన్న ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నా మాట నమ్మక, తానే కళ్లజోడు పెట్టుకుని నాలుగు బెజ్జాల్లోనూ వేసి చూశారు. ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. బుష్‌ను ప్లేటుకు పూర్తిగా ఆనిస్తే రజను బయటికి రాలేక బిట్టులోనే ఇరుక్కుంటుంది. బిట్టు సైజులో సగమంత ఎడం, అంటే సుమారు 3 మి.మీ. వదిలాక సుఖంగా నడుస్తోంది. ప్రతి ప్లేటు తీశాక కింద పలకను బ్రష్‌తో తుడవాలి. ఒక్క ముక్క ఉండిపోయినా ప్లేటు లేచి బెజ్జం ఏటవాలుగా పడుతుంది. స్పీడు నిమిషానికి 1200 చుట్ల దగ్గర పెట్టుకుని, చుక్క చుక్కగా ఆయిల్ వేస్తాను.

ఇక స్లాట్లు. బెల్టు బిగువు సరిచేసుకోవాలంటే కొన్ని ప్లేట్లకు స్లాట్లు, అంటే మోటారును జరుపుకునేలా పొడుగు బెజ్జాలు, కావాలి. ఇదే జిగ్‌తో, చక్‌లో (బిట్టును పట్టుకునే భాగం) ఎండ్‌మిల్, అంటే పక్క అంచులతోనూ కోసే బిట్టు, పెట్టి స్లాటు కూడా తీయొచ్చని అమ్మినాయన చెప్పాడు. నమ్మి పెట్టాను. పక్క నుంచి ఒత్తిడి పడేసరికి ప్లేటంతా గడగడా వణికి, చక్ టేపర్ (అది ఎక్కి కూర్చునే సన్నబడే కాడ) నుంచి ఊడి తిరుగుతూనే జిగ్ మీద పడింది. చెయ్యి దూరంగా ఉంది కాబట్టి సరిపోయింది. బెంచ్ డ్రిల్లులో చక్ ఆ టేపర్ పట్టు మీదే నిలబడుతుంది. పైనుంచి నొక్కితే ఇంకా బిగుస్తుంది, పక్కకు తోస్తే వదులుతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఇప్పుడు స్లాటు రెండు చివరలా జిగ్‌తో బెజ్జాలు వేసి, ప్లేట్లన్నీ కట్టగట్టి బాలానగర్‌లో మిల్లింగ్ మెషీను ఉన్న షాపుకు ఇస్తున్నాను.

ఎప్పుడో ఒకటి రెండు ప్లేట్లకైతే పంచే చాలు. నెలకు పది దాటితే కొనండి. కొట్టుకు వెళ్లేటప్పుడు కొత్త బిట్టు ఒకటి జేబులో వేసుకెళ్లి, బుష్‌లో పెట్టి ఊపి చూడండి. ఆడితే వేరే బుష్ అడగండి.