350 రూపాయల పటకారు

నల్గొండ రామగిరిలో మాది ఇరుకు వీధి. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున మా కుక్క బుజ్జి, ఎదురింటి చెల్లెమ్మ అప్పుడే వేసి లోపలికి వెళ్ళిన ముగ్గు మీద కూర్చుంది. గొలుసు లాగినా కదలలేదు. కాగితం కోసం జేబులు తడుముకుంటుండగా ఆవిడ బయటికి వచ్చింది. ‘మీ బుజ్జికి చుక్కలు నచ్చినట్లున్నాయి అన్నయ్యా’ అని మాత్రం అని, చీపురు తెచ్చుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమే కుక్క మలం ఎత్తే ఈ పూప్ స్కూపర్ కొన్నాను. మా ఇంట్లో దీన్ని పటకారు అంటాము. రెండడుగుల ప్లాస్టిక్ కాడ, పైన పిడి, కింద మొసలి నోరులా తెరుచుకునే దవడలు. సిమెంటు రోడ్డు మీద వంక పెట్టలేను. వంగనక్కరలేదు, నా నడుముకు అది చిన్న విషయం కాదు. పానగల్లు ఉదయసముద్రం వైపు వెళ్ళినప్పుడు దీని బండారం బయటపడింది. మొరం నేల మీద పళ్ళ మధ్య కంకర ఇరుక్కుని నోరు మూతపడదు. బుజ్జికి కడుపు బాగాలేని రోజున అయితే దీన్ని ఇంట్లో వదిలి వెళ్ళడమే మేలు, ఎత్తదు, పులుముతుంది. అప్పుడు బూడిద చల్లి అట్టముక్కతో గీకి తీస్తాను.

మూడో నెలలో స్ప్రింగు సడలింది. ‘ఇవి వాడేవాళ్ళే తక్కువ సార్, మార్చి ఇవ్వము’ అన్నాడు కొట్టువాడు. మొదటి మాట నిజమే. సైకిల్ మెకానిక్ ఇరవై రూపాయలకు వేరే స్ప్రింగు బిగించాడు.

దీనితో ఉచితంగా వచ్చిన సంచుల మీద ఆకు బొమ్మ తప్ప ఏమీ లేదు. నిజంగా కంపోస్టు కేంద్రంలో కుళ్ళి ఎరువయ్యే సంచి అయితే కంపోస్టబుల్ అన్న మాట, ఐఎస్ 17088 అన్న భారతీయ ప్రమాణం కనిపించాలి. అందుకే పాత దినపత్రికతో పల్లీల పొట్లంలా చుట్టి పెరటి మూల గొయ్యిలో వేస్తున్నాను. వంకాయ మొక్కలకు ఎరువుగా వేయమంది మా ఆవిడ. ఒప్పుకోలేదు. ఆవు పేడ వేరు, ఇది వేరు. కుక్క మలంలో ఏలికపాముల గుడ్లు ఉండవచ్చు. అవి రెండు మూడు వారాలకు అంటుకునే దశకు చేరి, మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. వీధిలో గోళీలాడే పిల్లలు చేతులు కడుక్కోకుండానే తింటారు కదా. ఏ రోజుది ఆ రోజే ఎత్తాలి, బుజ్జికి మందు వేయించాలి.

అయిదుకు మూడు మార్కులు. పోయిన వారం ఎదురింటి చెల్లెమ్మ చచ్చిన పందికొక్కును తీయడానికి అడిగి పట్టుకెళ్ళింది. దానికి బ్రహ్మాండంగా పనికివచ్చిందట. ఇంకా తిరిగి ఇవ్వలేదు.