ఎక్స్‌పో ఆన్ చేశాక బూట్ నెమ్మదైన పీసీ: హన్మకొండలో దీని సంగతి తెలిసిన షాపు

డీడీఆర్5 ర్యామ్ వేయించుకుని, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల చోటు) ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్‌పో గానీ ఎక్స్‌ఎమ్‌పీ గానీ ఆన్ చేసినప్పటి నుంచి మీ కంప్యూటర్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోందా? హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఎక్కడున్నా సరే, ఇంకెక్కడా డబ్బులు పెట్టకముందు ఈ షాపులో ఒకసారి చూపించండి. నక్కలగుట్ట దగ్గర మెయిన్ రోడ్డు దిగి గల్లీలోకి వెళ్లాక, మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఉంటుంది. నా వైపు నుంచి ఫైవ్ స్టార్. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ సమస్యకు విండోస్ మార్చి, ఎస్‌ఎస్‌డీ మార్చి డబ్బు వదిలించుకుంటున్న వాళ్లు నాకు తెలిసిన వాళ్లలోనే ఉన్నారు.

నాది పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని. భీమారంలో ఇంట్లోనే ఒక గదిలో చేసుకుంటాను. పరకాల, ములుగు, నర్సంపేట ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు పంపిస్తారు. మాఘమాసం మొదలైతే ఇక తల ఎత్తడానికి ఉండదు. ఒక్క 12/36 అంగుళాల షీటు, 300 డీపీఐలో అంటే అడ్డం 10,800 పిక్సెళ్లు, నిలువు 3,600. దాని మీద లేయర్ల మీద లేయర్లు. అందుకే రైజెన్ 7 7700 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, మొత్తం 64 జీబీ పెట్టించాను. ర్యామ్ డబ్బా మీద స్పీడు 6000 అని ఉంటుంది, కానీ ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయకపోతే 4800 దగ్గరే నడుస్తుంది. డబ్బులిచ్చిన స్పీడు వాడుకోవాలి కదా, ఆన్ చేయించాను.

అప్పటి నుంచి మొదలైంది. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మీద ఏమీ ఉండదు, ర్యామ్ స్లాట్ల పక్కన డీర్యామ్ అని రాసి ఉన్న చోట చిన్న పసుపు లైటు వెలిగి అట్లాగే ఉంటుంది. రీస్టార్ట్ చేసినా అదే కథ. ప్రింటింగ్‌కు ఫైళ్లు పంపించాల్సిన గంటలో ఆ నల్ల స్క్రీన్ ముందు కూర్చుంటే టెన్షన్ ఎట్లా ఉంటుందో ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. ఒక షాపులో విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలన్నారు. ఇంకో చోట ఎస్‌ఎస్‌డీ వీక్ అయిందన్నారు. మరో చోట ఎక్స్‌పో ఆఫ్ చేసి, ఇప్పుడు తొందరగానే వస్తోంది కదా అని చేతికిచ్చారు. తొందరగా వచ్చిన మాట నిజమే, కానీ ర్యామ్ మళ్లీ 4800కు పడిపోయింది.

ఈ షాపులో చూసిన అబ్బాయి స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ఏం పని చేస్తారక్కా, ఎప్పటి నుంచి ఇట్లా అవుతోంది, ఏ సెట్టింగ్ మార్చాక మొదలైంది అని అడిగాడు. తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ యాప్స్ పేజీలో పైన కుడివైపు మూల చూపించాడు. అక్కడ లాస్ట్ బయోస్ టైమ్ అని ఒక అంకె ఉంటుంది. ఇన్నేళ్లుగా కంప్యూటర్ మీద బతుకుతున్నా ఆ మూల ఎవరూ నాకు చూపించలేదు. నాది 61.4 సెకన్లు ఉంది.

"అక్కా, ఇది విండోస్ లొల్లి కాదు. విండోస్ మొదలు కాకముందే నిమిషం పోతోంది. ఫార్మాట్ చేసినా, ఎస్‌ఎస్‌డీ మార్చినా ఏం ఫాయిదా ఉండదు" అన్నాడు.

నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఆ అంకె మీరు కూడా ఇంట్లోనే చూసుకోవచ్చు. అది పది, ఇరవై సెకన్ల లోపు ఉండి కూడా కంప్యూటర్ ఆలస్యం చేస్తుంటే తప్పు విండోస్‌లోనో, డిస్కులోనో, స్టార్టప్‌లో తెరుచుకునే ప్రోగ్రాముల్లోనో ఉంటుంది. నిమిషం దాకా ఉంటే మాత్రం అనుమానం బోర్డు, ర్యామ్ వైపు పోవాలి.

ఆ నిమిషంలో జరిగేదాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్లు మగ్గం మీద పడుగు ఎక్కించాక పోగులన్నీ ఒకే బిగువులో ఉన్నాయా అని చూసుకున్నట్టు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ర్యామ్‌కు వెళ్లే ఒక్కో లైనులో సిగ్నల్ ఏ క్షణానికి చేరుతోంది, ఎంత వోల్టేజీ దగ్గర సరిగ్గా చదవగలుగుతోంది అని పరీక్షించుకుంటుంది. డీడీఆర్5 మామూలుగా 1.1 వోల్టుల మీద నడుస్తుంది. నా ర్యామ్ ప్రొఫైల్ 6000 స్పీడుకు 1.35 వోల్టులు అడుగుతుంది. స్పీడు పెరిగేకొద్దీ పొరపాటుకు చోటు తగ్గుతుంది, కాబట్టి ఈ పరీక్ష కచ్చితంగా జరగాలి. ఎక్స్‌ఎమ్‌పీ అనేది ఇంటెల్ 2007 నుంచి నడుపుతున్న పద్ధతి. ఎక్స్‌పో 2022లో రైజెన్ 7000 ప్రాసెసర్లతో పాటు ఏఎమ్‌డీ తెచ్చింది. రెండూ చేసేది ఒకటే, ర్యామ్ స్టిక్కులో కంపెనీ ముందే రాసి పెట్టిన స్పీడు, టైమింగులు, వోల్టేజీని ఒక్క నొక్కుతో పెట్టేస్తాయి. మనం మామూలు మాటల్లో ప్రొఫైల్ ఆన్ చేయడం అంటున్నా, లెక్క ప్రకారం అది ఓవర్‌క్లాకింగే, అంటే అధికారిక స్పీడును దాటించి నడపడమే. రైజెన్ 7000 మీద రెండు స్టిక్కులకు ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పే స్పీడు 5200 మాత్రమే.

ట్రైనింగ్ ఒక్కసారి జరిగితే బాధ లేదు. నా బోర్డు ప్రతిసారీ మొదటి నుంచి చేస్తోంది. పాత ఫలితాన్ని దాచుకుని మళ్లీ వాడుకోవడానికి బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అని ఒక సెట్టింగ్ ఉంది. నాది ఆటోలో ఉంది, ఆటో అంటే ఏం చేయాలో ఒక్కో బోర్డు ఒక్కోలా తీసుకుంటుంది. ఎక్స్‌పో పెడితే దాన్ని ఆపేసే బోర్డులు ఉన్నాయి.

అబ్బాయి నేరుగా దాన్ని ఆన్ చేసి చేతులు దులుపుకోలేదు. మొదట స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో ఉన్నాయో లేదో చూశాడు. బోర్డులో 2023 నాటి పాత బయోస్ ఉంటే, యూపీఎస్ మీద పెట్టి కొత్తది ఎక్కించాడు. ఎక్స్‌పో ఆన్ చేస్తే ఎస్‌ఓసీ వోల్టేజీ, అంటే ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి అందే వోల్టేజీ కూడా దానంతట అదే పెరుగుతుందట. 2023లో కొన్ని ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎమ్‌డీ దాన్ని 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసింది. పాత బయోస్‌తో ప్రొఫైల్ వాడొద్దని అందుకే గట్టిగా చెప్పాడు. బయోస్ మార్చాక మొదటిసారి బూట్ కావడానికి కొన్ని నిమిషాలు పట్టింది. భయపడి మధ్యలో స్విచ్ ఆపొద్దన్నాడు. ఆ తర్వాత ఎక్స్‌పో, మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్, దాంతో పాటు ర్యామ్ ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా చేసే పవర్ డౌన్ అనే ఇంకో సెట్టింగ్, మూడూ ఆన్ చేశాడు. పవర్ డౌన్ ఆఫ్‌లో ఉంచి రీస్టోర్ ఒక్కటే ఆన్ చేస్తే కొన్ని బోర్డుల్లో బ్లూ స్క్రీన్లు వస్తాయి. పవర్ డౌన్ వల్ల ర్యామ్ స్పందన కాస్తంత తగ్గుతుందని ముందే చెప్పాడు. ఫొటోషాప్‌లో నాకైతే ఏ తేడా తెలియలేదు.

బయోస్ టైమ్ 17 సెకన్లకు దిగింది. ఇంకెవరైనా అయితే అప్పుడే బిల్లు చేతికిచ్చేవారు. ఇతను ఇవ్వలేదు.

"బూట్ తొందరగా అయితే సరిపోదక్కా. ర్యామ్‌లో ఒక్క తప్పు వచ్చినా ఫైల్ ఖరాబ్ అవుతుంది, మీకు కూడా తెల్వదు. పెళ్లి ఫొటోలు మళ్లీ దొరకవు కదా" అని, ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రాము రాత్రంతా పెట్టాలి, కంప్యూటర్ షాపులో ఉంచి పొమ్మన్నాడు. మర్నాడు మధ్యాహ్నం క్యాబినెట్ తలుపు మూసి, ఏసీ లేని గదిలో మళ్లీ నడిపించాడు. ర్యామ్ వేడెక్కాక వచ్చే తప్పులు చల్లటి గదిలో బయటపడవు, మన ఎండాకాలం సంగతి తెలిసిందే. తప్పులు వస్తే ఏం చేస్తావని అడిగాను. స్పీడు 5600కు దించుతానని, అప్పటికీ కుదరకపోతే రీస్టోర్ ఆపేసి ఆ నిమిషం ఆగడమే మేలని చెప్పాడు. ఈ జవాబు నాకు చాలా నచ్చింది. నా పనికి కూడా వరుస అదే, ముందు ఫైలు భద్రంగా ఉండాలి, తర్వాతే బూట్ సమయం. అదృష్టం కొద్దీ రెండు పరీక్షల్లోనూ ఒక్క తప్పూ రాలేదు.

పనిలో పనిగా ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో ఇంకో 64 జీబీ వేయమన్నాను. వద్దన్నాడు. నాలుగు స్టిక్కులు పెడితే అధికారిక స్పీడు 3600కు పడిపోతుంది, ట్రైనింగ్ ఇంకా ఎక్కువసేపు పడుతుంది, 6000 మీద నిలకడగా నడవడం కష్టం అని వివరించాడు. అమ్ముకునే సరుకును వద్దని చెప్పే షాపు నాకు ఇదివరకు తగల్లేదు.

క్యాబినెట్ పక్క రేకుకు లోపలివైపు చిన్న తెల్ల కాగితం అంటించాడు. దాని మీద నీలం పెన్నుతో బయోస్ వెర్షన్, తేదీ, ఆన్ చేసిన మూడు సెట్టింగ్‌లు, చివర "బ్యాటరీ కొత్తది" అని రాసి ఉంది. బోర్డు మీద ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే సెట్టింగ్‌లన్నీ పోవచ్చు, రేపు ఇంకెవరు తెరిచినా ఏం పెట్టాలో తెలియాలని ఆ కాగితం. మొత్తానికి 700 రూపాయలు తీసుకున్నారు, బ్యాటరీ కూడా అందులోనే, బిల్లు ఇచ్చారు. రాత్రంతా పరీక్ష పెట్టిన పనికి అది తక్కువే.

ఇబ్బందులు లేకపోలేదు. మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు, బరువైన క్యాబినెట్ మోయడానికి తోడు ఒకరు కావాలి. గల్లీలో బండి పెట్టడానికి చోటు దొరకదు. ఫోన్ సరిగ్గా ఎత్తరు, కానీ వాట్సాప్ చూస్తారు. పండుగల ముందు రద్దీ బాగా ఉంటుంది. వెళ్లే ముందు మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ మీది స్టిక్కర్, లాస్ట్ బయోస్ టైమ్ కనిపించే స్క్రీన్, ఈ మూడింటి ఫొటోలు పంపండి. మానిటర్ మోసుకెళ్లక్కర్లేదు, పవర్ కేబుల్ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. డేటా మాత్రం ముందే ఇంకో డిస్కులోకి కాపీ చేసుకుని వెళ్లండి, ఆదివారం షాపు ఉండదు.