రిజిస్టరైన సేల్ డీడ్‌ను రద్దు చేయించాలంటే ఏ దారి మేలు?

అమ్మాక స్థలం ధర రెట్టింపైందనో, మిగతా డబ్బు ఇంకా చేతికి రాలేదనో, నాన్నగారి వేలిముద్ర ఎవరో వేయించుకున్నారనో లాయరు దగ్గరికి వెళ్లినవాళ్లు అడిగేది మాత్రం ఒక్కటే: "ఆ డాక్యుమెంటు క్యాన్సిల్ చేయించండి." ధర పెరగడం అసలు కారణమే కాదు, దాన్ని పక్కన పెడదాం. మిగతావాటికి దారులు వేరువేరు. ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: దస్తావేజు మీద సంతకం మీదేనా? తప్పు ఎక్కడ జరిగింది?

అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు మెట్లెక్కక్కర్లేదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే రద్దు దస్తావేజు రాసుకోవచ్చు. అయితే పాత దస్తావేజులో ఉన్న రెండు పక్షాలవాళ్లూ సంతకాలు చేయాలి, లేదా కోర్టు ఉత్తర్వు చూపాలి. మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ రూల్స్‌లో 26వ నిబంధనకు 2006 నవంబరులో ఈ షరతు చేర్చారు. "మీ ఒక్కరి సంతకం చాలు, నేను చూసుకుంటా" అనే డాక్యుమెంట్ రైటరు ఎక్కడైనా తగిలితే నమ్మకండి. ఆంధ్రప్రదేశ్‌లోనే 1983లో అమ్మిన ఆస్తిని అమ్మినవాళ్లు 2005లో ఏకపక్షంగా రద్దు చేసుకుంటే, ఆ రద్దు చెల్లదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. నన్నడిగితే, ఇద్దరికీ ఇష్టమున్నా రద్దు కన్నా కొన్నవాళ్ల చేత తిరిగి మీ పేరున సేల్ డీడ్ రాయించుకోవడమే మేలు. స్టాంపు డ్యూటీ మళ్లీ పడుతుంది, నిజమే. కానీ హక్కు ఒకసారి చేతులు మారాక, అది తిరిగొచ్చినట్టు లింకు డాక్యుమెంటు స్పష్టంగా ఉంటే రేపు బ్యాంకు లాయరు కొర్రీ వేయడు.

ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే సివిల్ కోర్టే గతి. సంతకం మీదే అయ్యి, బెదిరించో, మోసగించో, అప్పు కాగితాలని చెప్పో పెట్టించుకుని ఉంటే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 31వ సెక్షన్ కింద రద్దు దావా వేయాలి. కోర్టు ఫీజు ఆస్తి విలువను బట్టి కట్టాలి. గడువు 3 ఏళ్లు, అదీ మోసం తెలిసిన రోజు నుంచి. దావాలో "మోసం చేశారు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఎవరు, ఏ తేదీన, ఏమని చెప్పి సంతకం తీసుకున్నారో వివరంగా ఉండాలి.

సంతకం మీది కాకపోతే, అంటే ఫోర్జరీయో, మీ పేరుతో మరొకరు వెళ్లి నిలబడటమో జరిగితే, రద్దు అడగడం కన్నా అదే చట్టం 34వ సెక్షన్ కింద "ఆ దస్తావేజు నన్ను కట్టడి చేయదు" అని డిక్లరేషన్, అంటే కోర్టు ప్రకటన, కోరడమే సరైన దారి. ఆస్తి మీ స్వాధీనంలో లేకపోతే స్వాధీనం కూడా అదే దావాలో అడగాలి. అన్న మీ వాటా కూడా కలిపి అమ్మేశాడా? అతను అమ్మగలిగింది తన వాటానే. అక్కడ పార్టిషన్ (వాటాల పంపకం) దావా వేసి, కొన్నవాళ్లనూ ప్రతివాదులుగా చేర్చడం మేలు.

ఎక్కువమంది బోల్తా పడేది డబ్బు బాకీ దగ్గరే. 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సూరత్ భూమి కేసు చూడండి. ధర 1.74 కోట్లు. దస్తావేజులో 36 చెక్కుల వివరాలు రాసి, మొత్తం ముట్టినట్టు ఒప్పుకున్నారు. సంతకాలు 2009లో అయ్యాయి. 2014 డిసెంబరులో, తమకు అందింది 40 వేలేనంటూ అమ్మినవాళ్లు రద్దు దావా వేశారు. విచారణ దాకా కూడా వెళ్లలేదు, గడువు దాటిందని దావాను మొదట్లోనే తిరస్కరించారు. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి చెప్పింది కోర్టు: ధరలో కొంత బాకీ ఉన్నంత మాత్రాన అమ్మకం రద్దు కాదు. ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షన్ ప్రకారం ధర ఇచ్చినా అమ్మకమే, ఇస్తానని మాటిచ్చినా అమ్మకమే.

కాబట్టి బాకీ కోసమైతే డబ్బు దావాయే మేలు. అదే చట్టం 55వ సెక్షన్ రావలసిన ధరకు ఆ ఆస్తి మీదే మీకు చార్జి, అంటే ఆ ఆస్తి నుంచే బాకీ రాబట్టుకునే హక్కు, ఇస్తుంది. కొన్న మనిషి మీద వ్యక్తిగతంగా వసూలుకు గడువు 3 ఏళ్లే అయినా, ఆ చార్జిని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్లు. రద్దు దావాకు గడువు మించిపోయినవాళ్లకు కూడా ఈ తలుపు తెరిచే ఉండవచ్చు. అందుకే రిజిస్ట్రేషన్ రోజున "ప్రతిఫలం యావత్తు ముట్టినది" అన్న వాక్యాన్ని చూడకుండా సంతకం పెట్టొద్దు. బాకీ ఉంటే ఎంత ఉందో, ఎప్పటికిస్తారో దస్తావేజులోనే రాయించండి.

పోలీసు కేసు సంగతి కూడా చెప్పాలి. ఫోర్జరీ అయితే పెట్టాల్సిందే, వేలిముద్రల పరీక్షకు పనికొస్తుంది. కానీ ఎఫ్‌ఐఆర్‌తో దస్తావేజు రద్దు కాదు, సివిల్ గడువూ ఆగదు.

దావా వేసిన రోజే, ఆస్తిని మరొకరికి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోసం పిటిషన్ కూడా వేయించండి. రద్దు డిక్రీ వస్తే కోర్టు దాని కాపీని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పంపాలి, వాళ్లు రికార్డులో రాసుకోవాలి. రెండు నెలలాగి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, అది ఎక్కిందో లేదో చూసుకోండి.