స్టీమ్ డెక్‌కి బయటి డ్రైవ్: హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా, మెమరీ కార్డా?

పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 2.5 అంగుళాల డిస్కు ఇంట్లో ఊరికే పడి ఉంది, దాన్నే యూఎస్‌బీ కేసులో (డిస్కును బయటి డ్రైవ్‌గా మార్చే డబ్బా) పెట్టి స్టీమ్ డెక్‌కి, అంటే వాల్వ్ కంపెనీ చేతి గేమింగ్ యంత్రానికి, తగిలించనా, లేక ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) కొననా? ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లంతా వేగం గురించే అడుగుతారు. నా లెక్కలో తేల్చేది కరెంటు. డెక్‌కి ఉన్నది ఒక్కటే టైప్-సి పోర్టు. ఛార్జింగూ దాంట్లోంచే, డ్రైవూ దాంట్లోంచే.

ముందు హార్డ్ డిస్కు సంగతి. లోపలి ప్లేట్లు తిరగడం మొదలయ్యే ఆ రెండు మూడు సెకన్లలో 2.5 అంగుళాల డిస్కు 5 వోల్టుల మీద దాదాపు 1 ఆంపియర్ లాగుతుంది. మామూలు యూఎస్‌బీ 3 లెక్క ప్రకారం పోర్టు నుంచి ఆశించదగ్గది 0.9 ఆంపియర్. కేబుల్ సన్నగా, పొడుగ్గా ఉంటే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. డిస్కు టిక్‌మంటుంది, ఆగుతుంది, మళ్లీ మొదలెడుతుంది. పాడైపోయిందని పారేయకండి. అర మీటరు లోపు మంచి కేబుల్‌తో ఒకసారి చూడండి. ఇంకో చిక్కు: చేతిలో పట్టుకుని కదిలించే యంత్రానికి తిరిగే డిస్కు వేలాడుతుంటే ఒక్క దెబ్బ చాలు. పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు సెకనుకు 100 ఎంబీ పైనే ఇచ్చినా, చిన్న చిన్న ఫైళ్ల దగ్గర చతికిలబడుతుంది. పాత గేములు దాచుకోవడానికి సరే, పెద్ద ఓపెన్ వరల్డ్ గేములు ఆడటానికి వద్దు.

ఎన్‌వీఎంఈ కేసు దీనికి పూర్తిగా వ్యతిరేకం. పోర్టు 10 జీబీపీఎస్ కాబట్టి సెకనుకు 1000 ఎంబీ దాకా వస్తుంది. కానీ పని మీదున్నప్పుడు 5 వాట్ల దాకా తాగుతుంది, వేడెక్కుతుంది. ఎల్‌సీడీ తెర ఉన్న డెక్ బ్యాటరీ 40 వాట్-అవర్లు. గేముకి మొత్తం 15 వాట్లు పోతుంటే 2 గంటల 40 నిమిషాలు వస్తుంది. దానికి ఇంకో 5 కలిపితే 2 గంటలే. పైగా గేము లోడయ్యే సమయంలో సాటా ఎస్‌ఎస్‌డీకీ (పాత రకం, కాస్త నెమ్మది ఎస్‌ఎస్‌డీ) దీనికీ తేడా కొన్ని సెకన్లకు మించదు.

అందుకే నా ఓటు సాటా ఎస్‌ఎస్‌డీకి. 2 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది, సెకనుకు 400 ఎంబీ పైన ఇస్తుంది, కేసు కూడా చవక. కొనేటప్పుడు కేసులో యూఏఎస్‌పీ (యూఎస్‌బీ డ్రైవ్‌ని వేగంగా నడిపే పద్ధతి) ఉందో లేదో అడగండి. తగిలించాక డెస్క్‌టాప్ మోడ్‌లో టెర్మినల్ తెరిచి యూఎస్‌బీ పరికరాల జాబితా (lsusb -t) చూడండి. డ్రైవ్ పక్కన వేగం 5000 లేదా అంతకంటే ఎక్కువ అని కనిపించాలి. 480 అని వస్తే కేబులో, ఓటీజీ అడాప్టరో యూఎస్‌బీ 2 రకం. దాంతో 40 ఎంబీ దాటదు, లోపల ఏ డ్రైవ్ ఉన్నా అంతే.

ఎక్కువమంది దెబ్బతినేది డాక్ లేదా హబ్ (ఒక్క పోర్టును చాలా పోర్టులుగా చేసేది) దగ్గర. ఆడుతూ ఛార్జర్ కూడా పెట్టాలంటే పవర్ డెలివరీ ఉన్న హబ్, అంటే ఛార్జర్ కరెంటును డెక్‌కి పంపేది, కావాలి. ఛార్జర్ పెట్టిన క్షణంలో, తీసిన క్షణంలో హబ్, డెక్ కరెంటు ఒప్పందం మళ్లీ కుదుర్చుకుంటాయి. చవక హబ్‌లలో ఆ క్షణం డ్రైవ్‌కి కరెంటు తెగుతుంది. అప్పుడు అప్‌డేట్ రాస్తుంటే ఆ ఫైళ్లు సగంలో ఆగిపోతాయి. వరస ఇలా పెట్టుకోండి: ముందు ఛార్జర్, తర్వాత డ్రైవ్. తీసేటప్పుడు ముందు డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి సురక్షితంగా విడదీసి), ఆ తర్వాతే ఛార్జర్. ఒకవేళ తెగిపోతే స్టీమ్‌లో ఆ గేము ఫైళ్లను వెరిఫై చేయండి.

ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 మాత్రమే. ఎక్స్‌ఫ్యాట్‌లో సింబాలిక్ లింకులు (వేరే చోటున్న ఫైలుకి దారి చూపే గుర్తులు) ఉండవు, విండోస్ గేముల్ని డెక్‌లో నడిపే ప్రోటాన్‌కి అవి తప్పనిసరి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రోటాన్ ఫోల్డర్ పేర్లలోని కోలన్ గుర్తు దగ్గర గొడవ. డెస్క్‌టాప్ మోడ్‌లోని కేడీఈ పార్టిషన్ మేనేజర్‌లో ఫార్మాట్ చేశాక డ్రైవ్ యజమాని రూట్‌గా (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) మిగిలిపోతే, స్టీమ్ అందులో ఏమీ రాయడం కుదరదు. టెర్మినల్‌లో యజమానిని డెక్ యూజర్‌కి మార్చి, అప్పుడు స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ కింద చేర్చండి.

బయట తిరుగుతూ ఆడేవాళ్లకైతే మైక్రోఎస్‌డీ కార్డే. స్లాట్ యూహెచ్‌ఎస్-1 (కార్డు వేగం ప్రమాణం) కాబట్టి సెకనుకు 100 ఎంబీ దగ్గర ఆగుతుంది, కానీ వేలాడే కేబుల్ లేదు, పోర్టు ఛార్జర్‌కి ఖాళీగా ఉంటుంది. గేము మధ్యలో స్లీప్ నొక్కి లేపినప్పుడు యూఎస్‌బీ డ్రైవ్ కొత్తగా కలిసినట్టు కనబడి గేము క్రాష్ కావచ్చు. కార్డుతో ఆ బెడద తక్కువ.

పెన్ డ్రైవ్ ఫైళ్లు మోయడానికి చాలు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పెడతామంటే, దానికీ మోటారు ఉంది కాబట్టి హార్డ్ డిస్కుకి చెప్పిన కేబుల్ జాగ్రత్తే. వీలైతే విడిగా కరెంటు ఉన్న హబ్ వాడండి.