మా భీమవరం కార్యాలయానికి చేయించిన నెట్‌వర్కు భద్రతా పరీక్ష: ఒక సమీక్ష

ఉండి, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టుబడి జరిగినప్పుడు రొయ్యలు కొని ప్లాంట్లకు పంపే మా కార్యాలయంలో లెక్కల సర్వరు, తూకం షెడ్డులోని కెమెరాల రికార్డరు ఇంటర్నెట్‌లో బయటికి కనిపించే ఒకే పబ్లిక్ ఐపీ చిరునామా వెనుక ఉంటాయి. నిరుడు వేరొకరి చేత చేయించిన పరీక్షలో మాకు అందినది లోపాలు వెతికే స్కానరు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పట్టిక మాత్రమే. టీసీపీ (ఇంటర్నెట్‌లో యంత్రాలు డేటా పంపుకునే పద్ధతి) టైమ్‌స్టాంపులు బయటపడుతున్నాయి, ఆపివేయండి అన్న వాక్యం అందులో రెండు యంత్రాలకూ ఒకే రీతిలో ఉంది. ఈ ఏడాది విశాఖపట్నం నుంచి పిలిపించిన ఇద్దరు సభ్యుల బృందం అదే అంశాన్ని పరిశీలించిన తీరు ఎంతో శ్రద్ధగా ఉన్నందువల్ల ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ టైమ్‌స్టాంపు గంటలూ నిమిషాలూ చెప్పేది కాదు. యంత్రంలో క్రమంగా పెరుగుతూ పోయే 32 బిట్ల లెక్క. 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1323 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ద్వారా వచ్చి, 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7323గా సవరణ పొందిన ఈ ఏర్పాటు ప్యాకెట్టు (డేటా ముక్క) వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని కొలవడానికీ, డేటాకు వేసే క్రమసంఖ్యలు ఒక చుట్టు పూర్తిచేసి మళ్లీ మొదటికి వచ్చినప్పుడు పాత ప్యాకెట్టును కొత్తదిగా పొరబడకుండా ఉండడానికీ ఉద్దేశించినది. అయితే అనేక పాత యంత్రాల్లో ఆ లెక్క యంత్రం ఆన్ అయినప్పటి నుంచే నడుస్తుంది కనుక, రీస్టార్టు చేసి ఎన్నాళ్లయిందో బయటివారు అంచనా వేయగలరు.

బృందం రికార్డరుకు పది సెకన్ల తేడాతో రెండుసార్లు కనెక్షన్ పెట్టి చూస్తే విలువ 1000 పెరిగింది, అంటే సెకనుకు 100 చొప్పున. మొత్తం విలువ సుమారు 345 కోట్ల 60 లక్షలు. భాగిస్తే 400 రోజులు వచ్చింది. అక్కడితో ఆగకుండా, ఆ వేగంలో లెక్క సుమారు 497 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది కనుక అసలు కాలం 897 రోజులు కూడా కావచ్చునని చెప్పి, రికార్డరు చివరిసారి ఎప్పుడు ఆగిందని మమ్మల్ని అడిగారు. అది ఆగినది కొత్త ఇన్వర్టర్ బిగించినప్పుడు; ఆ తేదీ బిల్లులో వెతికితే 400 రోజుల లెక్కే సరిపోయింది. పదమూడు నెలలుగా రీస్టార్టు కాని రికార్డరులో అప్‌డేట్లు పడి ఉండవన్న అనుమానంతో చూడగా, ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) కొన్ననాటిదే.

సర్వరు విషయంలో మాత్రం ఎన్‌మ్యాప్ అనే పరీక్షా సాధనం చూపిన అంచనా ఒక్కో ప్రయత్నానికి ఒక్కో రకంగా ఉంది. 4.10 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నల్ (సర్వరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) కనెక్షన్ల టైమ్‌స్టాంపులకు యాదృచ్ఛిక విలువ కలుపుతుందనీ, అందువల్ల అక్కడ ఆ అంచనాకు విలువ లేదనీ వారు స్పష్టంగా రాశారు. మా ఒకే చిరునామాలో తెరిచి ఉన్న రెండు పోర్టుల (కనెక్షన్ ద్వారాల) వెనుక వేర్వేరు యంత్రాలు ఉన్నాయని కూడా ఈ పోలికతోనే గుర్తించారు.

నేను ఎక్కువగా మెచ్చుకునేది వారి సలహా. సర్వరులో టైమ్‌స్టాంపులు ఆపవద్దన్నారు. ఆపితే రాకపోకల కాలం కొలత మొరటుగా మారుతుంది, పైగా కనెక్షన్ అభ్యర్థనలు వెల్లువెత్తించే దాడి సమయంలో లినక్స్ సిన్ కుకీలు అనే రక్షణను వాడేటప్పుడు విండో స్కేలింగు (ఒకేసారి ఎంత డేటా పంపవచ్చో పెంచే అమరిక) వివరాలను దాచుకునేది ఆ టైమ్‌స్టాంపులోనే. రికార్డరును మాత్రం ఇంటర్నెట్ నుంచి పూర్తిగా తప్పించి, వీపీఎన్ (గుప్త కనెక్షన్) ద్వారా చూసుకోమన్నారు. ఈ టైమ్‌స్టాంపు లోపం తీవ్రతను తక్కువగానే రాశారు. దానిని పెంచి చూపి భయపెట్టలేదు.

లోపాలు లేకపోలేదు. రౌటరు ఐసీఎంపీ టైమ్‌స్టాంపు అభ్యర్థనకు (యంత్రం గడియారంలో సమయాన్ని అడిగే వేరే రకం సందేశానికి) జవాబిస్తున్నదని ఒక్క వరుసలో రాసి, దానిని ఎలా ఆపాలో చెప్పలేదు. ఫోన్ చేసి తెలుసుకోవలసి వచ్చింది. నివేదిక పూర్తిగా ఇంగ్లీషులో ఉండడం వల్ల, షెడ్డులో రికార్డరును రోజూ చూసుకునే మనిషికి నేనే కూర్చుని తెలుగులో వివరించాను. రెండు వారాల తరువాత అదనపు రుసుము లేకుండా చేసిన మరుపరీక్షలో రికార్డరు పోర్టు బయటి నుంచి జవాబివ్వలేదు. వచ్చే ఏడాది పరీక్షకు కూడా వీరినే పిలవాలని నిర్ణయించాము.