రూబ్రీన్ పొడి, సబ్లిమేషన్ గ్రేడ్: సీసా మీద రాయని సంగతి

మా ప్రయోగశాలలో ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ల (కార్బన్ అణువులతో చేసే ట్రాన్సిస్టర్ల) కోసం తెప్పించిన రూబ్రీన్ అనే సెమీకండక్టర్ గురించి ఈ సమీక్ష. సబ్లిమేషన్ గ్రేడ్ అంటే ఆవిరి చేసి, మళ్లీ ఘనీభవింపజేసి శుద్ధి చేసినది. ఎర్రటి పొడి, లేబుల్ మీద శుద్ధత 99.99 శాతం. స్ఫటికాలు పెంచే ఓపిక ఉన్నవారికి ఇంతకంటే మంచి పదార్థం నాకు తెలియదు. వాక్యూమ్‌లో ఆవిరి చేసి నేరుగా పలుచని పొర వేసుకోవాలనుకునేవారు మాత్రం దీన్ని కొనవద్దు, వారికి పెంటసీన్ అనే మరో ఆర్గానిక్ సెమీకండక్టర్ మేలు.

కారణం అణువు ఆకారంలోనే ఉంది. వరుసగా అతుక్కున్న నాలుగు బెంజీన్ వలయాలు వెన్నెముక అయితే, దాని పక్కల నాలుగు ఫినైల్ సమూహాలు ఉంటాయి. అణువు విడిగా ఉన్నప్పుడు ఆ ఫినైళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుని వెన్నెముకను మెలితిప్పుతాయి. ట్రాన్సిస్టర్‌లో విద్యుత్తును ఆపే ఆక్సైడ్ పొర మీద మామూలుగా పొర వేస్తే అణువులు ఏ వరుసా లేకుండా పడతాయి, చార్జి కదలడమే కష్టమవుతుంది. అదే పొడి ఆర్థోరాంబిక్ (ఎ, బి, సి అనే మూడు అక్షాలూ ఒకదానికొకటి లంబంగా ఉండే) స్ఫటికంగా పెరిగితే వెన్నెముక చదునవుతుంది. బి-అక్షం వెంట అణువులు ఇంటి పెంకుల్లా కాస్త జారుగా ఒకదానిపై ఒకటి, సుమారు 3.7 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో అమరుతాయి. పక్కపక్క అణువుల π (పై) ఎలక్ట్రాన్ మేఘాలు అక్కడ బాగా కలుస్తాయి కాబట్టి హోల్‌కు, అంటే ఎలక్ట్రాన్ ఖాళీ చేసిన ధనావేశపు చోటుకు, కదిలే దారి దొరుకుతుంది. ఎ-అక్షం వెంట ఆ కలయిక బలహీనం.

ఈ తేడాను 2004లో సైన్స్ పత్రికలో వచ్చిన పని స్పష్టంగా చూపింది. సిలికోన్ రబ్బరు ముక్క మీద ఎలక్ట్రోడ్లు తయారు చేసి, స్ఫటికాన్ని దానికి అంటించి, తీసి, తిప్పి మళ్లీ అంటించి కొలిచారు. మొబిలిటీ, అంటే విద్యుత్ క్షేత్రంలో చార్జి ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకె, బి దిశలో 15.4, ఎ దిశలో 4.4 చదరపు సెంటీమీటర్లు, వోల్ట్-సెకనుకు. పదార్థం అదే, శుద్ధత అదే, మారింది దిశ ఒక్కటే. టీవీ తెరల్లో ఏళ్ల తరబడి వాడిన అమార్ఫస్ సిలికాన్‌లో మొబిలిటీ 1కి అటూ ఇటూ ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ అంకెల విలువ తెలుస్తుంది.

ఇక సీసా సంగతి. ట్యూబ్ ఫర్నేస్‌లో ఆర్గాన్ పారుతుండగా 300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంచితే, చల్లటి భాగంలో గాజుగొట్టం గోడలకు ఎర్రటి సూదులు, రేకులు పట్టాయి. పొడి ఉంచిన పడవ ఆకారపు పాత్రలో మిగిలిన మడ్డి చాలా తక్కువ. ఇంతకుముందు వేరే చోట కొన్న మామూలు గ్రేడ్‌తో నల్లటి మడ్డి బాగా మిగిలేది, రేకులూ చిన్నవిగా వచ్చేవి. పలుచని రేకును పట్టకారుతో ఆక్సైడ్ మీద పెడితే దానంతట అదే అతుక్కుంటుంది. ఆ క్షణం నాకు ఎప్పుడూ ఇష్టం. పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద తిప్పుతూ చూస్తే, రేకు పొడవు సాధారణంగా బి-అక్షమే. కరెంటు లోపలికి వచ్చే, బయటికి పోయే ఎలక్ట్రోడ్లైన సోర్స్, డ్రెయిన్‌లను ఆ పొడవు వెంటే పెట్టండి. మా కొలతల్లోనూ అడ్డంగా పెట్టినదానికంటే ఇదే ఎంతో మెరుగ్గా వచ్చింది.

రెండు ఫిర్యాదులున్నాయి. పొడి పారదర్శకమైన గాజుసీసాలో వచ్చింది. రూబ్రీన్ ద్రావణంలో వెలుతురు, ఆక్సిజన్ తగిలితే ఆక్సిజన్‌ను కలుపుకుని ఎండోపెరాక్సైడ్ అనే వేరే పదార్థంగా మారి రంగు కోల్పోతుంది. ఘనరూపంలో అంత త్వరగా చెడిపోకపోయినా, ఇంత ధర పెట్టినప్పుడు గోధుమరంగు సీసా ఇవ్వడం కనీస బాధ్యత. రెండోది, వివరాల పత్రంలో శుద్ధత తప్ప ఇంకేమీ లేదు. ఇదే అణువుకు ట్రైక్లినిక్, మోనోక్లినిక్ అనే వేరే స్ఫటిక రూపాలూ ఉన్నాయి. ఏది పెరిగిందో ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో తేల్చుకోకుండా మొబిలిటీ ప్రకటించకూడదని కొత్త విద్యార్థికి ఆ కాగితం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

ఐదులో నాలుగు ఇస్తాను. పెద్ద సీసా తీసుకోకండి. ఫర్నేస్‌లో ఒక విడతకు పట్టేది మిల్లీగ్రాములే, తెరిచిన సీసాను చీకట్లో, నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్స్‌లో దాచుకోవాలి.