మర్మర్ ఉన్న కుక్కకు ఏ మత్తు మేలు?

ఇంట్లో పదేళ్లు దాటిన పొమరేనియన్. పళ్లు కుళ్లాయనో, గర్భసంచిలో చీము పట్టిందనో ఆపరేషన్ తప్పలేదు. స్టెతస్కోప్ పెట్టి చూసిన డాక్టరు ‘మర్మర్ ఉంది’ అన్నారు, అంటే గుండె చప్పుడులో అదనపు శబ్దం. ఇక కుక్కను పెంచేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: జైలజీన్–కెటమిన్ అనే రెండు మత్తుమందుల సూది సరిపోతుందా, ప్రొపోఫాల్ అనే మత్తుమందు నరంలోకి ఇప్పించి గ్యాస్ మీద పెట్టించాలా? గుండె వేగం ఏ మందుతో తగ్గదు అని కూడా అడుగుతారు. నా లెక్కలో వేగం తర్వాతి సంగతి, ముందు చూడాల్సింది రక్తనాళాలను.

ఈ వయసు చిన్నజాతి కుక్కల్లో మర్మర్ అంటే చాలావరకు గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటం లీకే. గుండె ముడుచుకున్నప్పుడల్లా కొంత రక్తం ఒంట్లోకి, కొంత వెనక్కి ఎడమ కర్ణికలోకి పోతుంది. ఒంట్లోకి పోయే నాళాల దారి ఇరుకైనకొద్దీ వెనక్కి పోయేది పెరుగుతుంది. జైలజీన్ సరిగ్గా ఆ దారినే బిగిస్తుంది. దాంతో బీపీ పెరిగి, గుండె నెమ్మదిస్తుంది. ఆరోగ్యమైన కుక్కలో కూడా గుండె పంపే రక్తం సగానికి దగ్గరగా పడిపోవచ్చు. మానిటర్‌లో బీపీ మాత్రం భేషుగ్గా కనిపిస్తుంది, మోసమంతా అక్కడే! వేగం తగ్గిందని, గుండెను వేగంగా కొట్టించే అట్రోపిన్ ఇస్తే, బ్రేకు మీద కాలు తీయకుండా యాక్సిలరేటర్ తొక్కినట్టే.

కెటమిన్ గుండెను ఉరికిస్తుంది కాబట్టి రెండూ కలిస్తే సరిపోతుందంటారు. వేగం కొంత సర్దుకుంటుంది, నిజమే. నాళాల బిగువు మాత్రం తగ్గదు, పైగా గుండెకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. జైలజీన్‌కు యోహింబిన్ విరుగుడు ఉంది గానీ, అది కెటమిన్ మీద పనిచేయదు.

ప్రొపోఫాల్ నాళాలను వదులు చేస్తుంది, బీపీ దిగుతుంది. వినడానికి భయమేస్తుంది కానీ లీకు గుండెకు కాస్త వదులు మంచిదే. ప్రమాదమంతా మోతాదులో, ఇచ్చే వేగంలో ఉంది. ముందు ఏమీ ఇవ్వకపోతే కిలోకు 6 మి.గ్రా. దాకా పట్టవచ్చు. ముందుగా బ్యుటార్ఫనాల్ గానీ ఫెంటానిల్ గానీ (నొప్పి తగ్గించే మందులు) పడితే అందులో చాలా తగ్గుతుంది. గబుక్కున తోస్తే బీపీతోపాటు ఊపిరీ ఆగుతుంది. శ్వాసనాళంలో వేసే ట్యూబు, ఆక్సిజన్ సిద్ధంగా లేని చోట దాని జోలికి పోకూడదు. తర్వాత పెట్టే మత్తు గ్యాస్ ఐసోఫ్లురేన్ కూడా బీపీని దించేదే, అయితే డయల్ తిప్పి అప్పటికప్పుడు తగ్గించుకోవచ్చు. నా మొగ్గు ఇటే.

డాబర్‌మన్ కథ వేరు. దానికి వచ్చే జబ్బులో గుండె కండరమే బలహీనం, ప్రొపోఫాల్ దింపే బీపీని తట్టుకోలేదు. అక్కడ ఎటొమిడేట్ అనే మత్తు సూది మేలు, దొరికితే. థయోపెంటాల్ అనే మరో మత్తు సూది గుండె లయ తప్పిస్తుంది, వదిలేయండి.

వీధికుక్కల ఆపరేషన్ శిబిరాల్లో జైలజీన్–కెటమిన్ వాడుతున్నారని నేను తప్పుపట్టను. వయసులో ఉన్న గట్టి కుక్కలు, గ్యాస్ మెషీన్ లేని చోటు. అక్కడ పని జరిగేది దానితోనే.

ఆపరేషన్ రోజు పొద్దున గుండెకు వాడే పిమోబెండాన్ మాన్పించొద్దు. నాళాలను వదులు చేసే ఎనాలాప్రిల్ వాడుతుంటే ఆ పూట ఆపాలేమో అడగండి, మత్తులో అది బీపీని ఇంకా దించుతుంది. సెలైన్ ఎంత వేగంగా ఎక్కిస్తారో కూడా అడగండి. లీకు గుండెకు అది ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. సగటు బీపీ 60కి దిగకుండా ఎవరు చూస్తుంటారో ముందే తెలుసుకోండి. కత్తి పట్టిన డాక్టరే మానిటర్‌నూ చూసుకోవాల్సి వస్తే, ఆపరేషన్ మరో చోట పెట్టుకోండి.